మూలాపేట బొంతల కొట్టు: రంగులు వాళ్లకు వదిలేయండి, గుడ్డ మీరు తీసుకెళ్లండి

నెల్లూరు మూలాపేటలోని ఒక సందులో రెండు కుట్టుమిషన్లు, గోడ పొడవునా ఒక చెక్క అలమర తప్ప వేరే హంగులేవీ లేని చిన్న కొట్టు ఒకటి అతుకుల బొంతలు కుట్టి ఇస్తోంది. దానికి బోర్డు లేదు కానీ బొంతల కొట్టు ఎక్కడ అని అడిగితే ఆ వీధిలో ఎవరైనా చూపిస్తారు. పాత చీరలను నాలుగైదు పొరలుగా పరిచి, దబ్బనంతో టాకాలు వేసిన బొంతలు మన ఇళ్లలో ఎప్పటి నుంచో ఉన్నవే. ఇక్కడ కుట్టేవి వాటికంటే భిన్నమైనవి. పైపొరను కొలత ప్రకారం ముక్కలుగా కోసి అతుకుతారు, ఒకే రంగు గుడ్డను విశాలంగా ఖాళీగా వదిలి అందులో ఒక మూలకో పక్కకో రెండు మూడు గట్టి రంగులు నిలబెడతారు, పూల ప్రింటు గుడ్డను చాలా పొదుపుగా వాడతారు. అమెరికాలో 2009లో ఏర్పడిన మోడర్న్ క్విల్ట్ గిల్డ్ అనే బొంతలు కుట్టేవారి సంఘం ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇంచుమించు ఇదే. నేను ఇక్కడ రెండు బొంతలు కుట్టించాను, ఒకటి ఇంట్లోని పాత నేతగుడ్డలతో, మరొకటి కొట్టులో ఉన్న కొత్త గుడ్డతో. రెండింటిలోనూ రంగుల కూర్పు బ్రహ్మాండంగా కుదిరింది కానీ గుడ్డ నాణ్యత విషయంలో ఆ రెండింటికీ పోలిక లేదు. ఈ సమీక్షలో ఎక్కువ భాగం ఆ తేడా గురించే.

ముందు రంగుల సంగతి. ఈ కొట్టు నడిపే ఆవిడ కోసిన ముక్కలను నేల మీద పరచి చూడదు. గోడకు బిగించిన తెల్లదుప్పటి మీద గుండుసూదులతో గుచ్చి, గుమ్మం దాకా వెనక్కి నడిచి వెళ్లి చూస్తుంది. తర్వాత ఫోనులో ఒక ఫొటో తీసి, దాన్ని నలుపు తెలుపులోకి మార్చి మళ్లీ చూస్తుంది. నా బొంతకు ఆమె మొదట గుచ్చిన చిలకపచ్చ, కనకాంబరం ముక్కలు కంటికి ఎంతో వేరుగా కనిపించాయి, కానీ ఫొటోలో రెండూ ఒకే బూడిదరంగులోకి కలిసిపోయి, మధ్యలో ఉండవలసిన గీత కనిపించకుండా పోయింది. పచ్చ, ఎరుపు అన్న తేడా కంటే ముదురు, లేత అన్న తేడాయే దూరం నుంచి ఆకారాన్ని చూపుతుందన్న సంగతి ఆమె మాటల్లో చెప్పలేదు, చిలకపచ్చ తీసి నేరేడు రంగు ముక్క గుచ్చి చూపించింది. గీత వెంటనే లేచి నిలబడింది. డిజైన్ల పుస్తకం ముందు పెట్టి ఏది కావాలో ఎంచుకోమనే దుకాణాలలో ఇంత ఓపిక దొరకదు.

పక్కపక్కన పెట్టే రంగుల మీద కూడా ఆమెకు మంచి పట్టు ఉంది. నేను తీసుకెళ్లిన గుడ్డల్లో ఒక మెంతిరంగు ముక్క మురికిపట్టినట్టు ఉందని పక్కన పడేయబోతే, ఆమె దాన్ని తీసుకొని ముదురు నీలం పక్కన గుచ్చింది. అక్కడ అది బంగారు రంగులా వెలిగింది. అదే ముక్కను పసుపు పక్కన పెట్టినప్పుడు మళ్లీ మురికిగానే కనిపించింది. ఒక రంగు పక్క రంగును బట్టి మారి కనిపిస్తుందని శాస్త్రీయంగా వివరించిన వాడు షెవ్రుల్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు. పారిస్‌లోని గోబ్లాఁ నేతశాలలో అద్దకం విభాగానికి ఆయన 1824 నుంచి అధిపతిగా ఉండేవాడు. నల్లరంగు సరిగా పట్టడం లేదన్న ఫిర్యాదు వచ్చినప్పుడు పరిశీలించి చూస్తే లోపం అద్దకంలో లేదు, ఆ నల్లపోగుల పక్కన నేసిన రంగులు దాన్ని వెలిసినట్టు చూపిస్తున్నాయి. ఆ పరిశీలనలన్నీ ఆయన 1839లో గ్రంథంగా ప్రచురించాడు. మూలాపేట ఆవిడ షెవ్రుల్ పేరు విని ఉండకపోవచ్చు కానీ ముక్కలను గోడ మీద అటూ ఇటూ మార్చేటప్పుడు ఆమె చేస్తున్నది అదే పరీక్ష.

ఇక గుడ్డ. కొట్టులోని సాదారంగు గుడ్డలన్నీ చిన్న బజారు మ్యాచింగ్ సెంటర్ల నుంచి వస్తాయి. ఆలోచన మంచిదే, ఎందుకంటే ఒకే ఎరుపులో పదిహేను ఛాయలు వరుసగా పేర్చి పెట్టే చోటు మన ఊళ్లలో మ్యాచింగ్ సెంటరు తప్ప ఇంకొకటి లేదు, రంగులను నమ్ముకొని బొంత కుట్టేవారికి ఆ అరలకు మించిన వనరు ఉండదు. చిక్కల్లా అక్కడ రూబియా అనే రవికె గుడ్డ పేరుతో దొరికేదంతా నూలు కాకపోవడమే. అసలైన టూ బై టూ రూబియాలో పడుగులోనూ (నిలువు పోగు) పేకలోనూ (అడ్డపోగు) రెండేసి పోగులు పేనిన సన్నని నూలు ఉంటుంది. అదే అరలో, దాదాపు అదే ధరకు, సగం పాలియెస్టర్ కలిసిన గుడ్డ కూడా ఉంటుంది, చేతికి రెండింటి తేడా పెద్దగా తెలియదు. అంచు నుంచి నాలుగు పోగులు లాగి అగ్గిపుల్లతో కాల్చి చూస్తే తెలుస్తుంది. నూలు కాగితంలా కాలి వేలికి అంటుకునే మెత్తని బూడిద అవుతుంది, పాలియెస్టర్ కరిగి చివర గట్టి పూసలా ముడుచుకుంటుంది. నా రెండో బొంతలో మిగిలిన పీలికలను ఇంటికి తెచ్చి కాలిస్తే, ఐదు రంగుల్లో రెండింటికి పూస కట్టింది.

రవికెకైతే ఈ తేడాను పట్టించుకోకపోయినా నడుస్తుంది. బొంతలో అలా నడవదు, ఎందుకంటే బొంతలో ప్రతి ముక్కా నాలుగు పక్కలా వేరే ముక్కలకు కట్టుబడి ఉంటుంది. తడపని నూలుగుడ్డ మొదటి ఉతుకులో 3 నుంచి 5 శాతం దాకా ముడుచుకుపోతుంది, అంటే నూరు అంగుళాల పొడవు మీద మూడు నుంచి ఐదు అంగుళాలు. పాలియెస్టర్ కలిసిన గుడ్డ అంత ముడుచుకోదు. రెండూ ఒకే అతుకులో కలిసి ఉంటే ఒకటి లాగుతుంది, మరొకటి ఉబ్బుతుంది. ఉతికిన తర్వాత నా రెండో బొంతలో విశాలంగా వదిలిన గంధం రంగు భాగమంతా చదునుగా ఉండవలసింది పోయి అలలు అలలుగా లేచింది, ఇస్త్రీతో కూడా పూర్తిగా సరికాలేదు. పైగా మెరూన్ ముక్క రంగు దిగి, దానిని ఆనుకొని ఉన్న గంధం రంగు మీద వేలెడంత మేర గులాబీ చార పడింది. పూల ప్రింటు గుడ్డ మీద ఇలాంటి మరక పడినా ఎవరికీ కనబడదు. సాదారంగును విశాలంగా వదలడమే అందంగా భావించే ఈ తరహా బొంతలో దాన్ని దాచే చోటే లేదు. కొత్త గుడ్డను ఒక రాత్రి నానబెట్టి, ఆరవేసి, తెల్లగుడ్డ తడిపి దాని మీద రుద్ది చూశాక కోసి ఉంటే ఈ రెండు లోపాలూ వచ్చేవి కావు. ముందే తడిపితే గుడ్డలోని బిగువు పోయి కోత సరిగా రాదని ఆమె వాదన. దానికి పలుచగా గంజి పెట్టుకుంటే సరిపోతుంది కనుక ఆ వాదనతో నేను ఏకీభవించను.

పాత గుడ్డలతో కుట్టిన బొంతకు ఇలాంటి బెడదే రాలేదు. ఏళ్ల తరబడి ఉతికిన చీర ముడుచుకోవలసినంత ముడుచుకొని, వదలవలసిన రంగును వదిలేసి ఉంటుంది. నేను ఇచ్చినవి మూడు రకాలు: రెండు వెంకటగిరి నూలు చీరలు, కోవూరు పక్కనున్న పాటూరులో నేసిన ఒక చీర, కొన్ని గళ్ల లుంగీలు. (వెంకటగిరి 2022 నుంచి తిరుపతి జిల్లాలోకి వెళ్లింది, కానీ నెల్లూరు ఇళ్లలో ఆ చీరను పరాయి ఊరిదని ఎవరూ అనుకోరు.) ఇక్కడ ఈ కొట్టు పనితనం బయటపడింది. రంగుల గురించి నేనేదో చెప్పబోతే, "రంగు సంగతి తర్వాత చూద్దాంలేమ్మా, ముందు గుడ్డను చేత్తో పట్టుకొని చూడనీ" అని, ఒక్కొక్క చీరనూ వెలుతురుకు అడ్డంగా పట్టి, పడుగు వైపూ పేక వైపూ లాగి చూసి, పోగు విడుస్తున్న చోట్లను సుద్దముక్కతో గుర్తుపెట్టి పక్కన పెట్టేసింది. నూరో నెంబరు నూలుతో నేసిన వెంకటగిరి చీర సన్ననిది, లుంగీ గుడ్డ మందం. రెండింటినీ అలాగే అతికితే కుట్టు వెంబడి సన్నని గుడ్డే చిరుగుతుంది. అందుకని ఆమె చీర ముక్కల వెనుక పలుచటి మల్లుగుడ్డను జతచేసి రెండింటి బరువునూ సమం చేసింది, అతుకులో మామూలుగా వదిలే పావు అంగుళానికి బదులు అర అంగుళం వదిలింది. జరీ అంచులను మాత్రం మొహమాటం లేకుండా కోసి చేతిలో పెట్టింది. జరీ ఒంటికి గుచ్చుకుంటుంది, ఉతికేకొద్దీ నల్లబడుతుంది కాబట్టి అది సరైన నిర్ణయం.

నాకు అన్నిటికంటే నచ్చినది పాటూరు చీరను ఆమె వాడిన తీరు. వంకాయరంగు చీర అది. బయటికి కనబడే పైట ఎండకు వెలిసి పలచటి ఊదాలోకి మారింది, కుచ్చిళ్ల భాగం నడిమి ఛాయలో ఉంది, నడుము దగ్గర లోపలికి దోపుకునే చుట్టు మాత్రం కొన్ననాటి రంగులోనే ఉంది. ఆ ఒక్క చీర నుంచి మూడు ఛాయలు కోసి, ముదురు నుంచి లేతకు వరుసగా అతికి, మిగిలిన బొంతంతా వెంకటగిరి చీర తాలూకు మీగడ తెలుపు వదిలింది. అలాంటి ఊదా ఏ మ్యాచింగ్ సెంటరులోనూ దొరకదు. అమెరికాలో అలబామా రాష్ట్రంలోని గీస్ బెండ్ అనే పల్లెకు చెందిన నల్లజాతి స్త్రీలు పొలం పనికి వేసుకొని అరిగిపోయిన బట్టలతో ఇలాగే బొంతలు కుట్టారు. మోకాళ్ల దగ్గర వెలిసిన రంగు, జేబు తీసేసిన చోట మిగిలిన ముదురు నీలం వాటిలో అలాగే కనిపిస్తాయి. 2002లో హ్యూస్టన్‌లోనూ, తర్వాత న్యూయార్క్ విట్నీ మ్యూజియంలోనూ వాటిని గోడలకు వేలాడదీసి ప్రదర్శించారు. అక్కడ కూడా రంగుల ఎంపికను నిర్ణయించినది చేతికందిన గుడ్డే. 1972లో సియర్స్ అనే దుకాణాల కంపెనీకి దిండు గలీబులు కుట్టే పని ఆ ప్రాంతానికి వచ్చినప్పుడు మిగిలిన కార్డురాయ్ (గట్లు గట్లుగా ఉండే మందపాటి గుడ్డ) ముక్కలు ఇళ్లకు చేరి, ఆ కాలపు బొంతల రంగులనే మార్చేశాయి.

లోపల ఏం పెట్టాలన్నది కూడా నిర్ణయించుకొని వెళ్లడం మంచిది. ఈ కొట్టులో అడగకపోతే పాలియెస్టర్ ఫైబర్ షీటు పెడతారు. చూడటానికి పొంగి అందంగా ఉంటుంది కానీ నెల్లూరు ఎండాకాలంలో దాన్ని కప్పుకోవడం మాట అటుంచి, పక్క మీద పరచుకున్నా వీపు చెమట పడుతుంది. దూది పెట్టిస్తే మనకు వానలు ఎక్కువగా కురిసే అక్టోబరు, నవంబరు నెలల్లో ఉతికిన బొంత రెండు మూడు రోజులైనా ఆరదు, దూది గడ్డలు కడుతుంది. మధ్యలో రెండు పొరల పాత ధోవతి చాలని నేను చెబితే ఆమె అభ్యంతరం చెప్పలేదు. అది పలుచగా, చల్లగా, ఒక్క పూట ఎండలో ఆరేలా వచ్చింది. కుట్టు గీతలు కూడా ఆ పలుచని గుడ్డ మీదనే స్పష్టంగా కనిపిస్తాయి.

సింగిల్ మంచం బొంతకు మన గుడ్డతో 2,200 రూపాయలు, వాళ్ల గుడ్డతో 3,600 తీసుకున్నారు. ఇది మిషన్ కుట్టు ధర, చేతి టాకాలు కావాలంటే ఇంచుమించు రెట్టింపు అడుగుతారు. మిషన్ కుట్టు వరుసలు నిటారుగా, ఎడం సమానంగా ఉన్నాయి, మూలల దగ్గర అంచు పట్టీ మడత మాత్రం ఇంకొంచెం శ్రద్ధగా వేయవచ్చు. చెప్పిన గడువుకు వారం అటూ ఇటూ అవుతుంది, పెళ్లిళ్ల నెలల్లో రవికెల పని కూడా ఒప్పుకుంటారు కనుక ఇంకా ఆలస్యం జరుగుతుంది. కొత్త గుడ్డతోనే కుట్టించుకోవాలనుకునేవారు మ్యాచింగ్ సెంటరులో తామే పోగు కాల్చి చూసి కొని, ఇంట్లో తడిపి ఆరవేసి ఇస్తే ఆమె కాదనదు, కూలి కూడా 2,200 మాత్రమే పడుతుంది. పట్టుచీరలతో మాత్రం బొంత కుట్టమంటే ఎంత డబ్బు ఇస్తామన్నా ఆమె ఒప్పుకోదు.