సాయినగర్‌లో మానసిక వైద్యుని దగ్గర ఐదు నెలలు

ధర్మవరంలో పట్టుచీరలకు కుచ్చులు వేసేది నా పని. చేయి వణికితే ముడి సరిగ్గా పడదు. రెండేళ్లుగా నాకు వణుకుతానే ఉండేది. పిల్లోడు ట్యూషన్ నుంచి పది నిమిషాలు ఆలస్యమైతే ఒక యోచన, మా ఆయన బండెక్కితే ఒక యోచన, చీటీ డబ్బు కట్టే తారీకు వస్తే ఇంకొకటి. రాత్రి రెండింటికి మెలకువ, గుండె దడ. ఈసీజీ తీస్తే గుండెకేమీ లేదన్నారు. ఒకచోట నిద్రకని అల్ప్రాజోలాం రాసిచ్చినారు. ఎన్నాళ్లు వేసుకోవాలో చెప్పలేదు, నాలుగు నెలలు మింగినాను.

ఆఖరికి మా ఆడబిడ్డ అనంతపురం తోడుకొనిపోయింది. సాయినగర్‌లో ఆ సందులన్నీ ఆసుపత్రులే, వాటిలో ఒకటి.

మొదటిరోజు సార్ అరగంట మాట్లాడినారు. పోయిన రెండు వారాల గురించి ఏడు ప్రశ్నల కాగితమిచ్చి, ఒక్కోదానికి సున్నా నుంచి మూడు వరకు గుర్తు పెట్టమన్నారు. లెక్క ఎంత ఎక్కువొస్తే ఆందోళన అంత ఎక్కువని. 21కి నాకు 17 వచ్చింది. థైరాయిడ్ ఎక్కువున్నా ఇట్లే దడ, వణుకు వస్తాయని రక్తపరీక్ష రాసినారు. కాఫీ ఎన్నిసార్లు, ఇంకేం మాత్రలు వాడుతున్నాను, చచ్చిపోవాలని అనిపిస్తుందా, ఎప్పుడైనా రోజుల తరబడి నిద్ర లేకున్నా విపరీతమైన హుషారుగా ఉన్నానా, అన్నీ అడిగినారు.

తర్వాత చెప్పిన మాటకే నా ఐదు స్టార్లు. "అమ్మా, ఇది ఈరోజు వేసుకుంటే రేపు గుణమిచ్చే మాత్ర కాదు. మొదట్లో కడుపులో తిప్పొచ్చు, గాబరా ఇంకొంచెం పెరగొచ్చు. దానికి భయపడి చానామంది ఆపేస్తారు. నాలుగు నుంచి ఆరు వారాలు ఓపిక పట్టండి."

ఆందోళన తగ్గించే ఎస్సిటాలోప్రామ్ మాత్ర రోజుకు 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, వారం తర్వాత 10 చేసినారు. ఆయన చెప్పినట్లే అయింది. నాలుగోరోజు ఉగ్గాని వాసన కూడా పడలేదు. తొమ్మిదోరోజు రాత్రి దడ తట్టుకోలేక 14416కు ఫోన్ చేసినాను. టెలి మానస్ అని మానసిక సమస్యలకు ఫోన్‌లో సాయం చేసే నంబరు, ప్రభుత్వానిది, ఉచితం, రాత్రీపగలూ పలుకుతారు. అవతల ఆమె తెలుగులోనే నిదానంగా మాట్లాడి, మాత్ర సొంతంగా ఆపొద్దు, పొద్దున్నే డాక్టరుకు చెప్పమనింది. సార్ ముందే చెప్పి ఉండకపోతే నేను ఆ రాత్రే ఆపేసేదాన్ని.

పాత నిద్రమాత్రను మాత్రం ఒక్కసారిగా మాన్పించలేదు. అలవాటు పడిన ఒళ్లు తిరగబడుతుందని నెలన్నర పట్టి కొంచెం కొంచెంగా తగ్గించినారు.

ఆరు వారాలకు మళ్లీ అదే కాగితం, 11 వచ్చింది. అప్పుడు 15కు పెంచినారు. రాత్రి వేసుకుంటే నిద్ర చెడుతోందంటే పొద్దునకు మార్చినారు. మెడనొప్పికి నేను మెడికల్ షాపులో కొనుక్కునే డైక్లోఫినాక్ మాత్రల పట్టీ చూసి, ఈ మందుతో కలిస్తే కడుపులో రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది, అడగకుండా వేసుకోవద్దన్నారు. ఈ మాత్ర మొదలుపెట్టినాక పడకగదిలో భార్యాభర్తల మధ్య ఏమైనా తేడా వచ్చిందా అని కూడా ఆయనే అడిగినారు. నా నోటితో నేను ఎప్పటికీ చెప్పలేని సంగతి అది. ఉందన్నాను. కొన్నాళ్లు చూద్దామా, మోతాదు తగ్గిద్దామా, మందే మారుద్దామా అని నన్నే అడిగినారు. చూద్దామన్నాను.

కదిరిలో పెళ్లికి పోయి రెండురోజులు మాత్ర మరిచిపోయినాను. తల తిప్పి, లోపల కరెంటు కొట్టినట్లయింది. సార్ కోప్పడలేదు. బాగైనాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి, ఆపేటప్పుడు వారాల తరబడి తగ్గిస్తూ ఆపుదాం అన్నారు.

ఇప్పుడు నా లెక్క 6. మొన్న ఒక పెళ్లిచీర కొంగుకు కుచ్చులన్నీ మధ్యలో లేవకుండా వేసినాను.

లోపం లేదా అంటే ఉంది, చిన్నది కాదు. టోకెన్ తీసుకున్నాక రెండు మూడు గంటలు కూర్చోవాలి. అది ఓర్చుకుంటాను. కౌంటర్ దగ్గర పిల్లోడు హాలంతా వినేటట్లు "ఏం సమస్యమ్మా, నిద్ర పట్టదా, భయమా?" అని అడుగుతాడు. పోయినసారి నా పక్కన కూర్చున్న కాలేజీ పిల్ల ఆ మాట విని, పేరు పిలిచేలోపలే లేచి వెళ్లిపోయింది. ఆ పిల్ల ఎంత ధైర్యం తెచ్చుకొని వచ్చిందో నాకు తెలుసు. ఇది సార్‌కు తెలియదనుకుంటాను. వచ్చేనెల పోయినప్పుడు మాత్ర గురించి కంటే ముందు ఇదే చెప్తాను.