వెల్డింగ్ రోబో, పీఎల్‌సీ, పీఐడీ: ఇన్నేళ్ళు వాడాక ఏది నిలబడింది, ఏది సతాయించింది

ముందే చెప్తున్నా, ఇది ఫలానా కంపెనీ రోబో కొనండి అనే రివ్యూ కాదు. పసుపుదైనా నారింజదైనా నీలందైనా లోపల నడిచే పద్ధతి దాదాపు ఒకటే, పెండెంట్‌లో (రోబోని చేత్తో నడిపే రిమోట్) మెనూలు, ఇన్‌స్ట్రక్షన్ల పేర్లు మారతాయి అంతే. నేను రాసేది ఆ పద్ధతుల గురించి, అంటే రోబోకి దారి ఎలా చెప్తాం, జాబ్ (వెల్డ్ చేయాల్సిన ముక్క) అటూ ఇటూ ఐతే అది ఎలా సర్దుకుంటుంది, చుట్టూ ఉన్న క్లాంపులు కన్వేయర్లు ఓవెన్లతో కలిపి ఎలా నడుపుతాం (వరస నడిపే కంట్రోలర్ పీఎల్‌సీ, ఓవెన్ వేడి సర్దే లెక్క పీఐడీ) అనేది. మాది పటాన్‌చెరు వైపు ఫ్యాబ్రికేషన్ షాపు, ట్రాక్టర్లకీ టూ వీలర్లకీ బ్రాకెట్లు ఫ్రేములు చేస్తాం, ముందు వెల్డింగ్ రోబో సెల్స్ (ఒక్కో రోబో స్టేషన్), వెనకాల పౌడర్ కోటింగ్ లైన్ (పొడి పెయింట్ చల్లి ఓవెన్‌లో కాల్చేది). డిప్లొమా అయ్యాక మెయింటెనెన్స్‌లో చేరితే రోబో ప్రోగ్రామింగ్ మెల్లగా నా నెత్తినే పడింది, ఇంకా దిగలేదు.

మెచ్చుకోవాల్సింది ముందు మెచ్చుకుందాం. రోబో లోపలి సర్వో కంట్రోల్‌కి, అంటే మోటర్‌ని కొలుస్తూ సర్దే లూపులకి, నా దగ్గర కంప్లయింటే లేదు. కరెంట్ లూప్, దాని పైన స్పీడ్ లూప్, దాని పైన పొజిషన్ లూప్, ఆరు మోటర్లకీ ఇదే వరస, లోపలి కరెంట్ లూప్ ఐతే సెకనుకి కొన్ని వేల సార్లు తిరుగుతుంది, మోటర్ ఎక్కడుందో వెనక ఎన్‌కోడర్ చెప్తుంటే డ్రైవ్ సర్దుతూనే ఉంటుంది. మా సైజు రోబోల బ్రోచర్‌లో రిపీటబిలిటీ 0.1 ఎంఎం లోపే ఉంటుంది, అది నిజమే, ఎక్కడా గుద్దుకోకపోతే ఏళ్ళు గడిచినా టార్చ్ (వెల్డ్ కొట్టే గన్) అదే పాయింట్‌కి వచ్చి ఆగుతుంది. ఆ లూపుల గెయిన్ల (ఎంత గట్టిగా సర్దాలో చెప్పే నంబర్ల) జోలికి మేం ఎప్పుడూ పోలేదు, మీరూ పోకండి. మీరు చేయాల్సింది టూల్ బరువు, సెంటర్ ఆఫ్ గ్రావిటీ కరెక్ట్‌గా ఎంటర్ చేయడం, టీసీపీని (టూల్ మొన ఎక్కడుందో చెప్పే పాయింట్) ఒకే మొన మీదకి కనీసం నాలుగు యాంగిల్స్‌లో తెచ్చి సరిగ్గా సెట్ చేయడం. చాలా షాపుల్లో ఇదే సరిగ్గా చేయరు, తర్వాత రోబో బాగోలేదంటారు.

ఐతే ఆ బ్రోచర్ నంబర్‌ని నమ్మి బోల్తా పడేవాళ్ళు చాలామంది. అది రిపీటబిలిటీ, అంటే నేర్పిన చోటుకి మళ్ళీ మళ్ళీ రావడం. యాక్యురసీ వేరు, అంటే కంప్యూటర్‌లో ఎక్స్ వై జెడ్ ఇచ్చి ఇక్కడికి రా అంటే నిజంగా అక్కడికే రావడం. రోబోల కొలతల స్టాండర్డ్ ఐఎస్ఓ 9283లో ఈ రెండూ విడివిడిగానే కొలుస్తారు. సిమ్యులేషన్‌లో ఆఫ్‌లైన్ ప్రోగ్రామ్ ముచ్చటగా చేసి షాప్ ఫ్లోర్‌కి తెస్తే ఎంఎం, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పక్కకి పడుతుంది, ప్రతి పాయింట్‌నీ మళ్ళీ టచప్ చేసుకోవాలి. రీచ్ చూసుకోడానికీ సైకిల్ టైమ్ అంచనాకీ ఆఫ్‌లైన్ సూపర్, కానీ ప్రోగ్రామర్ అక్కర్లేదు అని సేల్స్ వాళ్ళు చెప్తే మాత్రం నవ్వి ఊరుకోండి.

ఇంక అసలు విషయం. ఆ సర్వోకి మోటర్ ఎక్కడుందో మాత్రమే తెలుసు, జాబ్ ఎక్కడుందో దానికి తెలీదు. మిగతా తలనొప్పులన్నీ అక్కడ్నుంచే మొదలవుతాయి.

టీచ్ చేసి ప్లేబ్యాక్ చేయడం అన్నిటికంటే పాత పద్ధతి, 1961లో జీఎం (జనరల్ మోటర్స్) వాళ్ళ న్యూజెర్సీ ప్లాంట్‌లో డై క్యాస్టింగ్ దగ్గర పెట్టిన యూనిమేట్ రోబో కూడా నేర్పిన పొజిషన్లని మాగ్నెటిక్ డ్రమ్‌లో దాచుకుని మళ్ళీ ఆడించేదే. మనమూ ఇప్పటికీ అదే చేస్తున్నాం, పెండెంట్ పట్టుకుని జాగ్ చేస్తూ (మెల్లగా కదిలిస్తూ) పాయింట్లు రికార్డ్ చేస్తాం, జాయింట్ మూవ్‌తో దగ్గరికి రావడం, లీనియర్‌తో తిన్నగా వెల్డ్, గుండ్రంగా ఉంటే సర్క్యులర్. టీచ్ మోడ్‌లో 250 ఎంఎం పర్ సెకండ్ దాటదు, వెనకాల డెడ్‌మాన్ స్విచ్ మధ్యస్తంగా పట్టుకుంటేనే కదులుతుంది, వదిలేసినా భయంతో గట్టిగా నొక్కేసినా ఆగిపోతుంది. ఎవరు ఆలోచించారో గానీ మనిషి సంగతి బాగా తెలిసినవాళ్ళే. నేర్చుకోవడం తేలిక, మంచి వెల్డర్‌కి వారంలో వచ్చేస్తుంది, పైగా టార్చ్ యాంగిల్ విషయంలో ఇంజనీర్ కంటే వెల్డరే నయం. సతాయించేది రిస్ట్ దగ్గర సింగులారిటీ, ఐదో యాక్సిస్ సున్నాకి దగ్గర పడితే నాలుగు, ఆరు ఒకే లైన్‌లోకి వచ్చేస్తాయి, లీనియర్ మూవ్‌లో టార్చ్ మామూలుగా పోతుంటే రిస్ట్ మాత్రం గిర్రున తిరగబోయి అలారం కొట్టి ఆగుతుంది. ఫిక్స్‌చర్‌ని (జాబ్‌ని పట్టుకునే చట్రం) కాస్త వంచి పెట్టుకుంటే చాలావరకు పోతుంది కానీ అది డిజైన్ అప్పుడే ఆలోచించాలి, ఫిక్స్‌చర్ వచ్చాక ఎవరూ వంచనివ్వరు.

దీంతో అసలు కష్టం ఇలా ఉంటుంది. పొద్దున షిఫ్ట్ బానే నడుస్తుంది, మధ్యాహ్నం ఆపరేటర్ వచ్చి "అన్నా, పొద్దుగాల మంచిగనే కొట్టింది, ఇప్పుడు బీడ్ పక్కకు పోతుంది, ఓసారి చూడు" అంటాడు. బీడ్ అంటే వెల్డ్ గీత. పోయి చూస్తే రోబో పాయింట్ ఇంచు కూడా కదల్లేదు, ఫిక్స్‌చర్ పిన్నూ ఓకే, తీరా చూస్తే షీట్ కాయిల్ మారింది, బెండింగ్‌లో స్ప్రింగ్ బ్యాక్ (వంచిన షీట్ కాస్త వెనక్కి రావడం) ఎక్కువై ఫ్లాంజ్ ఎంఎంన్నర తెరుచుకుంది. మేం వాడే వైర్ 1.2, వెల్డ్ మొన అందులో సగం, అంటే 0.6 ఎంఎం పక్కకి జరిగితేనే బీడ్ ఒక షీట్ మీద ఎక్కువ ఒక షీట్ మీద తక్కువ కూర్చుంటుంది, గ్యాప్ ఉంటే ఇంక బర్న్ త్రూ, షీట్‌కి చిల్లే. మనిషి వెల్డర్ ఐతే కన్నుతో చూసి చెయ్యి కాస్త అటు జరిపేవాడు, వాడు జరిపాడని మనకి తెలిసేది కూడా కాదు. రోబో గానుగెద్దు లాంటిది, గానుగలో నువ్వులున్నా లేకున్నా అదే తిరుగుడు. అందుకే రోబో వచ్చాక మా షాపులో ఎక్కువ తిట్లు తిన్నది ప్రెస్ షాప్ వాళ్ళు.

దీనికి మందుగా మేం ముందు వాడింది టచ్ సెన్సింగ్. ఆర్క్ కొట్టకుండా వైర్‌కి సెన్సింగ్ వోల్టేజ్ ఇచ్చి జాబ్ మీదకి మెల్లగా తెస్తారు, తగలగానే సర్క్యూట్ క్లోజ్ అయి ఆ పొజిషన్ పట్టుకుంటుంది, రెండు మూడు వైపుల నుంచి ఇలా తడిమి ఎంత జరిగిందో లెక్కేసి ప్రోగ్రామ్ మొత్తాన్ని అంత జరుపుతుంది. ఎక్స్‌ట్రా హార్డ్‌వేర్ పెద్దగా ఉండదు, చాలావరకు సాఫ్ట్‌వేర్ ఆప్షన్, నా లెక్కలో పెట్టిన డబ్బుకి ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇదే. మైనస్‌లు ఉన్నాయి: ఒక్కో తడుముడికి కొన్ని సెకన్లు పోతాయి, సైకిల్ టైమ్ మీద కూర్చునే మేనేజర్‌కి అది నచ్చదు, జాబ్ మీద పెయింటో స్కేలో తుప్పో ఉంటే కాంటాక్ట్ రాదు, వైర్ మొన ప్రతిసారి ఒకే పొడవులో కట్ చేసి రావాలి, వంకరగా ఉంటే ఆ వంకర మొత్తం ఆఫ్‌సెట్‌లోకి వెళ్ళిపోతుంది. వైర్ కట్టర్ లేకుండా టచ్ సెన్సింగ్ మొదలుపెట్టకండి.

రెండోది త్రూ ఆర్క్ సీమ్ ట్రాకింగ్. ఇదంటే నాకు ఇష్టం, ఎందుకంటే ఆర్కే సెన్సార్. టార్చ్ వీవ్ చేస్తూ (అటూ ఇటూ ఊగుతూ) పోతుంటే గోడకి దగ్గరైనప్పుడు స్టిక్ అవుట్ (బయటికి వచ్చిన వైర్ పొడవు) తగ్గి కరెంట్ పెరుగుతుంది, దూరమైతే తగ్గుతుంది, ఎడమ చివర కరెంట్, కుడి చివర కరెంట్ పోల్చుకుంటూ మధ్యలోకి సర్దుకుంటుంది, వెల్డ్ నడుస్తుండగానే. పొడుగు ఫిల్లెట్ జాయింట్ల (రెండు ప్లేట్లు కలిసే మూల) మీద అద్భుతం, వేడికి జాబ్ లాగేసినా వెంట పోతుంది. కానీ వీవ్ లేకపోతే పనిచేయదు, పల్చటి షీట్ ల్యాప్ జాయింట్‌లో (ఒకదాని మీద ఒకటి వేసినది) పక్కన గోడే సరిగ్గా ఉండదు కాబట్టి ఏది ఎడమో ఏది కుడో దానికే తెలీక తిరుగుతుంది, వైర్‌కి కరెంట్ ఇచ్చే కాంటాక్ట్ టిప్ అరిగితే కరెంట్ ఊగి ఇది కూడా ఊగుతుంది. మా ట్రాక్టర్ జాబులకి ఓకే, టూ వీలర్ బ్రాకెట్లకి ఆపేశాం.

జాబ్ ఎక్కడుందో చూసే కెమెరా గురించి తక్కువే చెప్తా. డెమోలో అందరికీ నచ్చేది ఇదే. సెల్ మీద పారదర్శక రేకు ఉంది, పొద్దున ఒక వెలుతురు, పదకొండింటికి ఇంకో వెలుతురు, సాయంత్రం ట్యూబ్ లైట్లు, డబ్బా కట్టి లోపల సొంత లైట్ పెట్టేదాకా రిజల్ట్ నిలకడగా లేదు. దసరా ఆయుధపూజకి మావాళ్ళు భక్తి కొద్దీ రోబోకి, పెండెంట్‌కి, ఎలాగూ పెడుతున్నాం కదాని కెమెరా అద్దానికి కూడా పసుపూ కుంకుమా పెట్టారు, సెలవు అయ్యి వచ్చాక అది ఒక్క జాబ్‌నీ గుర్తుపట్టలేదు. ఇప్పుడు బొట్టు కెమెరా స్టాండ్‌కి పెడుతున్నారు.

పీఎల్‌సీ విషయానికొస్తే, 1968లో జీఎం హైడ్రామాటిక్ వాళ్ళు రిలే ప్యానెళ్ళ వైరింగ్ బాధ పడలేక అడిగితే డిక్ మోర్లీ టీమ్ మోడికాన్ 084 అనే పీఎల్‌సీ చేసింది, ఆ ల్యాడర్ లాజిక్ (రిలే బొమ్మలాగా నిచ్చెన మెట్లతో రాసే ప్రోగ్రామ్) ఇప్పటికీ మనకి అన్నం పెడుతోంది. పీఎల్‌సీ భాషల స్టాండర్డ్ ఐఈసీ 61131-3లో స్ట్రక్చర్డ్ టెక్స్ట్ లాంటివి ఉన్నా రాత్రి రెండింటికి లైన్ ఆగితే ఎలక్ట్రీషియన్ చదవగలిగేది ల్యాడరే, కాబట్టి సీక్వెన్స్ అంతా ల్యాడర్‌లో, లెక్కలు మాత్రమే టెక్స్ట్‌లో రాయమంటా. రోబోకీ పీఎల్‌సీకీ మధ్య హ్యాండ్‌షేక్ బిట్లు ఉంటాయి, జాబ్ ఉంది, క్లాంప్ పడింది, స్టార్ట్, కంప్లీట్, హోమ్‌లో ఉన్నా, ఇలా. ఇందులో నాకు ఒళ్ళు మండేది టైమర్ కొట్టి కానిచ్చేయడం. మాకు ఒక సెల్ కట్టిన ఇంటిగ్రేటర్ క్లాంప్ సిలిండర్లకి రీడ్ స్విచ్‌లు (సిలిండర్ కదిలిందో లేదో చెప్పే సెన్సార్లు) పెట్టకుండా వాల్వ్ ఆన్ చేసి రెండు సెకన్ల టైమర్ అయ్యాక క్లాంప్ పడినట్టే అని రాసిచ్చాడు. గాలి ప్రెషర్ బాగున్నంత కాలం నడిచింది. మిగతా లైన్లు ఒకేసారి గాలి లాగితే ప్రెషర్ పడిపోతుంది, క్లాంప్ సగంలో ఉండగానే రోబో టార్చ్ దింపేది. చివరికి మేమే రీడ్ స్విచ్‌లు వేసుకున్నాం, స్పాటర్‌కి (వెల్డ్ నిప్పురవ్వలు) కేబుల్ కాలకుండా గ్లాస్ స్లీవ్ తొడిగాం. సెల్ తీసుకునేటప్పుడు ప్రోగ్రామ్ ఓపెన్ చేయించి ఎన్ని టైమర్లున్నాయో చూడండి, ప్రతి టైమర్‌నీ ఇక్కడ సెన్సార్ ఎందుకు లేదని అడగండి. ఇంకోటి, సేఫ్టీ గేట్ స్విచ్‌కి స్పేర్ తాళం నాలుక గుచ్చి తలుపు తెరిచి నడిపే షాపులు ఉన్నాయి, అలాంటి చోట ఎంత జీతమిచ్చినా చేరకండి.

పౌడర్ కోటింగ్ ఓవెన్ దగ్గర పీఐడీ, అంటే ఇప్పుడున్న తేడా (ప్రపోర్షనల్), పేరుకున్న తేడా (ఇంటెగ్రల్), తేడా మారే వేగం (డెరివేటివ్) చూసి బర్నర్ సర్దడం. ఇది 1922లో మినోర్‌స్కీ ఓడలు నడపడం గురించి రాసినప్పట్నుంచి ఉన్న లెక్కే, 1942లో జీగ్లర్, నికొల్స్ ట్యూనింగ్ పద్ధతి ఇచ్చారు. కాలేజీలో నేర్పిన ఆ టేబుల్‌ని ఓవెన్‌కి ఉన్నదున్నట్టు పెడితే బాగా ఊగుతుంది, సెట్ పాయింట్ (కావాల్సిన టెంపరేచర్) దాటి పోయి వెనక్కొచ్చి మళ్ళీ దాటుతుంది, ఆ పద్ధతి కాస్త దూకుడుగానే ఉంటుంది. మేం ప్రపోర్షనల్ సగానికి తగ్గించి, ఇంటెగ్రల్ టైమ్ పెంచి, డెరివేటివ్ తీసేశాం, హాయిగా ఉంది. పొద్దున చల్లటి ఓవెన్ స్టార్ట్ చేసినప్పుడు ఇంకో పేచీ, బర్నర్ ఫుల్‌లో ఉన్నా ఎర్రర్ తగ్గక ఇంటెగ్రల్ పేరుకుపోతూనే ఉంటుంది, 200 డిగ్రీలు వచ్చినా ఆ పేరుకున్నది అరిగేదాకా బర్నర్ తగ్గదు. రెడీమేడ్ కంట్రోలర్లలో దీనికి లోపలే అడ్డుకట్ట ఉంటుంది, పీఎల్‌సీలో ఎవరైనా సొంతంగా పీఐడీ రాసి ఉంటే మాత్రం చెక్ చేసుకోండి. ఆటోట్యూన్ వాడొచ్చు, కానీ ఖాళీ ఓవెన్‌లో కాదు, జాబులు నడుస్తున్నప్పుడు చేయాలి.

ఇంత చేసినా ఇక్కడా మళ్ళీ అదే కథ. థర్మోకపుల్ (వేడి కొలిచే సెన్సార్) చూసేది ఓవెన్ గాలిని. డిస్‌ప్లేలో 200 అని రాయిలా నిలబడి ఉంటుంది, పల్చటి బ్రాకెట్ బాగా క్యూర్ అయి వస్తుంది, మందపాటి ట్రాక్టర్ హిచ్ ప్లేట్ మాత్రం లోపలికి వేడి ఎక్కేలోపే బయటికి వచ్చేస్తుంది, గీకితే పెయింట్ లేస్తుంది. పౌడర్‌కి కావాల్సింది మెటల్ టెంపరేచర్, అది పది నిమిషాలో ఎంతో నిలబడాలి. అందుకని జాబ్‌కే థర్మోకపుల్ కట్టి లాగర్‌తో పాటు ఓవెన్‌లోకి పంపి చూస్తాం, మందం బట్టి కన్వేయర్ స్పీడ్ మారుస్తాం. పీఐడీని ట్యూన్ చేసి కూర్చుంటే ఇది దొరికేది కాదు.

ఈమధ్య ఫోర్స్ కంట్రోల్ కూడా చూశాం, గ్రైండింగ్ ట్రయల్‌కి. చెప్పినంత బలంతోనే నొక్కుతూ పోతుంది, బెల్ట్ అరిగినా బీడ్ ఎత్తు మారినా ఒకేలా వస్తుంది, గ్రైండింగ్ చేసే మా పాత మనిషే ఫినిష్ చూసి బాగుందన్నాడు. ధర విన్నాక అందరం టీ తాగడానికి వెళ్ళాం. కోబాట్లు (మనుషుల పక్కనే పనిచేసే రోబోలు) చేత్తో పట్టుకుని నేర్పడం సరదాగానే ఉంటుంది, చిన్న లాట్లకి పనికొస్తాయి, కానీ వెల్డింగ్‌కి కంచె అక్కర్లేదనే మాట నాకు ఎక్కలేదు, చెయ్యి తగిలితే రోబో ఆగుతుందేమో, ఆర్క్ వెలుతురు ఆగదు కదా, తెర కట్టాల్సిందే.

మెయింటెనెన్స్ వాళ్ళకి ఒక్కటే. మా రోబోల్లో ఎన్‌కోడర్ బ్యాటరీలు బేస్‌లో ఉంటాయి, కంట్రోలర్ ఆన్‌లో ఉండగానే మార్చాలి, ఆఫ్ చేసి పీకితే పొజిషన్ డేటా పోతుంది, మాస్టరింగ్ (రోబోకి సున్నా పొజిషన్ చూపించడం) మళ్ళీ చేయాలి, ఆ తర్వాత పాయింట్లు కాస్త కాస్త జరిగాయని వారం పాటు గొడవ.

ఈ ఏడు బడ్జెట్‌కి మేనేజ్‌మెంట్ ఇంకో కెమెరా అంటోంది. నేను మాత్రం రెండో సెల్ ఫిక్స్‌చర్‌లో అరిగిన లొకేటింగ్ పిన్నులు మార్పించి, టచ్ సెన్సింగ్ ఆప్షన్ తీసుకోమని రాసిచ్చా. ఇంకా అప్రూవల్ రాలేదు.