‘ది పేరెంట్ ట్రాప్’ (1998): పాత కథ, కొత్త చిత్రం, ఒకే ఇంట్లో రెండు తీర్పులు

పాత హాస్య చిత్రాన్ని మళ్లీ తీస్తే మొదటిది చూసినవారికి ఒక పట్టాన నచ్చదు. నాన్సీ మేయర్స్ దర్శకత్వంలో 1998లో వచ్చిన ‘ది పేరెంట్ ట్రాప్’ విషయంలో మన ఇళ్లలో ఈ పేచీ ఇంకాస్త ఎక్కువ. ఎందుకంటే ఈ కథ మన పెద్దలకు కొత్తదేమీ కాదు. జర్మన్ రచయిత ఎరిక్ కెస్ట్నర్ 1949లో ప్రచురించిన పిల్లల నవల ఆధారంగా డిస్నీ సంస్థ 1961లో హేలీ మిల్స్‌తో మొదటి ‘పేరెంట్ ట్రాప్’ తీసింది. ఆ కథనే ఏవీఎం వారు ముందు తమిళంలోనూ, తరువాత 1966లో తెలుగులో ‘లేత మనసులు’గానూ మలిచారు. హరనాథ్, జమున తల్లిదండ్రులుగా, కుట్టి పద్మిని కవలలుగా నటించిన ఆ సినిమా చూసి కన్నీళ్లు పెట్టుకున్న తరం మా విజయనగరంలో ఇంకా ఇంటికి ఒక్కరైనా ఉంటారు. కాబట్టి 1998 నాటి చిత్రాన్ని పిల్లలు హాలీవుడ్ సినిమాగా చూస్తే, పెద్దలు దానిని తమకు తెలిసిన కథకు వచ్చిన మరో రూపంగా చూస్తారు.

కథ క్లుప్తంగా ఇది. వేసవి శిబిరంలో కలుసుకున్న ఇద్దరు పదకొండేళ్ల అమ్మాయిలు మొదట కత్తులు దూసుకుని, ఆ తరువాత తాము కవలలమని తెలుసుకుంటారు. హ్యాలీ కాలిఫోర్నియాలోని నాపాలో ద్రాక్షతోటలున్న తండ్రి దగ్గర పెరిగింది. ఆనీ లండన్‌లో పెళ్లి దుస్తులు రూపొందించే తల్లి దగ్గర పెరిగింది. ఇద్దరూ ఒకరి స్థానంలోకి ఒకరు వెళ్లి, అమ్మానాన్నలను తిరిగి కలపడానికి పూనుకుంటారు. ఆ కవలలిద్దరి పాత్రలూ తానే పోషించిన లిండ్సే లోహన్‌కు ఇదే తొలి చిత్రం.

సిరిమాను సంబరానికి చుట్టాలందరూ వచ్చి ఉండగా, దాని ముందురోజైన తొలేళ్ల నాటి మధ్యాహ్నం దీనిని ఇంట్లో టీవీలో చూశాం. సినిమా అయ్యాక పిల్లలు ఎంత సంతోషంగా ఉన్నారో పెద్దలు అంత అసంతృప్తిగా ఉన్నారు. శ్రీకాకుళం నుంచి వచ్చిన మా పెద్దత్తయ్య గారి అభ్యంతరం సూటిగా ఉంది: “తప్పెవరిదో సెప్పకుండా గుంటల్ని సెరో దిక్కునా పడేసినారేటి?” ‘లేత మనసులు’లో విడిపోవడానికి కారణం స్పష్టం. అత్తగారి ఆధిపత్యం, ఆమె మాటకు ఎదురు చెప్పలేని కూతురు, అవమానం భరించలేక ఒక బిడ్డను తీసుకుని ఇల్లు విడిచిన భర్త. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో ప్రేక్షకుడికి తెలుసు. హాలీవుడ్ చిత్రంలో అలాంటి దోషి ఎవరూ లేరు. ఇద్దరు మంచి మనుషులు చెరొక బిడ్డను పంచుకుని, ఇంకో బిడ్డ ఉన్నదన్న మాటే దాచి పదకొండేళ్లు గడిపేశారు. ఈ పని ఎంత ఘోరమైనదో చిత్రంలో ఎవరూ గట్టిగా అడగరన్న మాట నిజమే. పెద్దత్తయ్య గారి ప్రశ్న న్యాయమైనదేనని నేను కూడా ఒప్పుకుంటాను.

అయినా ఈ చిత్రాన్ని నేను మనస్ఫూర్తిగా ఇష్టపడటానికి కారణం కూడా ఆ చోటే ఉంది. తల్లిదండ్రులు మొదటిసారి కలుసుకున్నది ఒక ఓడలో. పిల్లలు ఆ రాత్రిని మళ్లీ సృష్టించాలని ఒక పడవలో వారిద్దరికీ విందు ఏర్పాటు చేస్తారు. అక్కడ తల్లిదండ్రులుగా నటించిన నతాషా రిచర్డ్‌సన్, డెనిస్ క్వెయిడ్ ఎదురెదురుగా నిలబడి, అసలు మన మధ్య ఏం జరిగిందని ఒకరినొకరు అడుగుతారు. ఇద్దరికీ కోపాలెక్కువ, ఏవో మాటలు అనుకున్నాం, నేను పెట్టె సర్దుకుని వెళ్లిపోయాను, నువ్వు నా వెనకాల రాలేదు అని ఆమె అంటుంది. రావాలని నువ్వు కోరుకున్నట్టు నాకు తెలియదు అని అతడు అంటాడు. అంతకుమించి వివరణ లేదు. ఆమె గొంతులో నింద లేదు, ఇన్నేళ్లుగా పైకి చెప్పని ఒక చిన్న ఆశ మాత్రం ఉంది. అతడి ముఖంలో ఆలస్యంగా అర్థమైన మనిషి తెల్లబోవడం కనిపిస్తుంది. కాపురాలు పాడు చేసేది ఎప్పుడూ గయ్యాళి అత్తగారే కానక్కరలేదు, అలిగి వెళ్లినవారి వెంట వెళ్లకపోవడం కూడా చాలునని ఈ ఒక్క సన్నివేశం నమ్మేలా చెబుతుంది. చివర్లో తండ్రి హ్యాలీని వెంటబెట్టుకుని కాంకార్డ్ విమానంలో లండన్ చేరడం హడావిడి ముగింపు కోసం పెట్టింది కాదు. ఆనాడు చేయని పనిని ఈనాడు చేయడం అది. మా ఇంట్లో ఈ ముడి గమనించినవారికి సినిమా నచ్చింది, గమనించనివారికి తేలిపోయినట్టు అనిపించింది.

ద్విపాత్రాభినయం గురించి మాత్రం భేదాభిప్రాయం రాలేదు. ఒక పిల్లది అమెరికా ఉచ్చారణ, మరొకదానిది బ్రిటిష్ ఉచ్చారణ. ఇంగ్లీషు మీడియం పిల్లలు ఆ తేడాను బట్టి ఎవరు ఎవరో గుర్తుపట్టారు. ఇంగ్లీషు రాని మా అమ్మ కూడా ఒక్కసారైనా పొరపడలేదు. కూర్చునే తీరును బట్టి చెప్పేసింది. ఆనీ వీపు నిటారుగా పెట్టి చేతులు ఒద్దికగా ఒళ్లో ఉంచుకుంటుంది, హ్యాలీ కుర్చీలో ఒరిగిపోయి భుజాలు వదిలేస్తుంది. హ్యాలీ ఆనీగా నటిస్తున్నప్పుడు మొదట నిటారుగా కూర్చుని, మరిచిపోయి కొద్దిగా జారి, మళ్లీ సర్దుకుంటుంది. పన్నెండేళ్ల లోపు పిల్ల ఈ పని చేసిందంటే ఆ ప్రతిభను ఎంత మెచ్చుకున్నా తక్కువే. 1961 చిత్రంలో తెరను రెండుగా విడదీసి చూపిన చోట్ల, ఇక్కడ కెమెరా వారిద్దరి చుట్టూ స్వేచ్ఛగా కదలడం కూడా నటనకు కలిసి వచ్చింది.

పిల్లలు ఎక్కువగా మాట్లాడుకున్నది చెవులు కుట్టే ఘట్టం గురించి. హ్యాలీకి కుట్టిన చెవులున్నాయి, ఆనీకి లేవు. తేడా బయటపడకుండా ఉండాలంటే ఆనీ కూడా కుట్టించుకోవాలి. సూదిని వేడి చేసి, చెవి తమ్మె వెనుక ఆపిలు ముక్క పెట్టి హ్యాలీయే ఆ పని కానిచ్చేస్తుంది. పాకడం నేర్చుకునేలోపే పిల్లలకు చెవులు కుట్టించే మన వైపు, పదకొండేళ్లు వచ్చినా చెవులు కుట్టకపోవడమే మా మేనకోడళ్లకు వింతగా తోచింది. ఇంట్లో దీనిని అనుకరించరాదని వారికి గట్టిగా చెప్పవలసి వచ్చింది. చిన్నపిల్లలతో చూసేవారు ఈ జాగ్రత్త తీసుకోవాలి.

1961 చిత్రం నుంచి మేయర్స్ చెక్కుచెదరకుండా తీసుకున్న ఘట్టం ఒకటుంది. లండన్‌లో తాతగారిని మొదటిసారి కలిసిన మనవరాలు ఆయన కోటులో ముఖం దాచి వాసన చూస్తుంది. ఏం చేస్తున్నావని ఆయన అడిగితే, జ్ఞాపకం తయారు చేసుకుంటున్నానంటుంది. తాతగారి దగ్గర పిప్పరమెంటు, పైపు పొగాకు వాసన వచ్చేదని పెద్దయ్యాక కూడా గుర్తుంటుందట. చుట్ట పొగ వాసనతో తాతలను గుర్తుపెట్టుకున్న మా ఇంటి పెద్దలకు ఇక్కడ ఏ అనువాదమూ అవసరం కాలేదు. అంతవరకు విసుక్కుంటున్న మా చిన్నాన్న గారు కూడా మాట్లాడకుండా చూశారు.

లోపాలు లేకపోలేదు. నిడివి రెండు గంటలు దాటింది. శిబిరంలో తేనె, ఈకలు, నీళ్ల బుడగలతో ఒకరిపై ఒకరు చేసుకునే ఆకతాయి పనులు కొంత తగ్గించి ఉంటే బాగుండేది. ద్రాక్షతోట, లండన్ భవంతి, వంటమనిషి, బట్లర్... ఈ కుటుంబానికి డబ్బు చింత ఏ కోశానా లేదు. కాలిఫోర్నియా నుంచి లండన్‌కు అప్పటికప్పుడు ఎగిరిపోగల తండ్రికే సాధ్యమైన ముగింపు ఇది. ‘లేత మనసులు’లో పిల్లల బాధ పాటగా మారి గుండెకు తగిలిన తీరు ఇక్కడ లేదన్న పెద్దల మాటకు నా దగ్గర జవాబు లేదు. ఆ పాట వినే చెవులకు ఈ చిత్రంలోని నేపథ్య గీతాలు ఆహ్లాదంగా ఉంటాయి, అంతే.

అన్నిటికంటే ఎక్కువ వాదన జరిగింది తండ్రిని పెళ్లాడబోయే మెరెడిత్ గురించి. ఇరవై ఆరేళ్ల ఈ యువతికి డబ్బు మీదే ధ్యాస, పిల్లలను స్విట్జర్లాండ్ పంపించెయ్యాలన్నది ఆమె ఆలోచన. ఆమె సంచిలో రాళ్లు నింపడం, తలపైకి బల్లిని ఎక్కించడం, నిద్రపోతుండగా పరుపుతో సహా సరస్సులోకి తోసెయ్యడం చూసి పిల్లలు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. మా అక్కకు మాత్రం ఆమెపై జాలి కలిగింది. మోసం చేసింది పెద్దవాళ్లు, శిక్ష పడింది మధ్యలో వచ్చినదానికి అని అక్క వాదించింది. నా అభిప్రాయం కూడా అదే, ఆ సరస్సు ఘట్టం దగ్గర నాకు నవ్వు రాలేదు. ఎలెయిన్ హెండ్రిక్స్ ఆ పాత్రను ఎంత ఉషారుగా చేసిందో, దర్శకురాలు దానికి అంత తక్కువ దయ చూపారు. 1961 చిత్రంలో ఇలాంటి పాత్రనే పోషించిన జోఆనా బార్న్స్‌ను పిలిచి ఇందులో మెరెడిత్‌కు తల్లిగా నటింపజేశారు. పాత చిత్రంపై అంత గౌరవం ఉన్న దర్శకురాలు, ఆ తల్లీకూతుళ్లకు కలిపి ఒక్క మంచి సన్నివేశమైనా రాసి ఉండవలసింది.