యాక్టివేటెడ్ అల్యూమినా ఫిల్టర్: ఫ్లోరైడ్ బోరున్న ఇంటికి కొనొచ్చా?

కొనొచ్చు. కానీ నీళ్లు పరీక్షించే కిట్ కూడా కొంటేనే.

ఈ ఫిల్టర్ స్టీలుతో రెండంచెలుగా ఉంటుంది. పై గదిలో ఫ్లోరైడ్‌ను పట్టుకునే అల్యూమినా గింజలు మూడు కిలోలు, వాటి మీద చిల్లుల పళ్లెం. కింది గదికి కుళాయి. కరెంటు అక్కర్లేదు, నీళ్లు వృథా కావు. గంటకు పది లీటర్ల దాకా దిగుతాయి, తాగడానికీ వంటకీ చాలు. వంటకు కూడా ఇవే వాడాలి. బోరు నీళ్లు మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది. క్యాండిల్ ఫిల్టరూ యూవీ కూడా దాన్ని తీయలేవు.

అసలు లోపం ఒకటుంది. గింజలు ఫ్లోరైడ్‌తో నిండిపోయిన సంగతి నాలుకకు తెలియదు. రంగు మారదు, వాసన రాదు, కుళాయిలో ధార తగ్గదు. నీటిలో కరిగిన లవణాల మొత్తాన్ని చూపే టీడీఎస్ మీటరు కూడా ఈ విషయం చెప్పలేదు. లీటరుకు 4 మి.గ్రా. ఉన్న నీటికి మూడు కిలోల గింజలు కొన్ని వందల లీటర్ల వరకే పనిచేస్తాయి. బైకార్బనేట్ లవణాలు ఎక్కువగా ఉండి పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) 8 దాటిన బోర్లలో ఇంకా ముందే చేతులెత్తేస్తాయి. నల్లగొండ రాతినేల బోర్లలో ఇలాంటి నీళ్లూ ఉంటాయి. అమ్మేవాళ్లు చెప్పే "ఆరు నెలల గ్యారంటీ" మీ నీటి లెక్క చూడకుండా చెప్పేదే. నెలకోసారి ఫిల్టర్ కుళాయి నీళ్లలో కిట్‌లోని జిర్కోనియం చుక్కలు (ఫ్లోరైడ్‌ను రంగుతో పట్టించే మందు) వేసి చూడండి. గులాబీ రంగు పసుపు వైపు తిరిగిందంటే ఫ్లోరైడ్ పెరిగినట్టే. అనుమానముంటే గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులో చూపించండి. ఫ్లోరైడ్ లీటరుకు 1 మి.గ్రా. లోపుండాలి. వేరే దారి లేనప్పుడు మాత్రమే 1.5 వరకు.

గింజలు పారేయక్కర్లేదు. నైలాన్ సంచిలో కట్టి ఒక శాతం కాస్టిక్ సోడా నీళ్లలో ఎనిమిది గంటలు నానబెడతారు, మధ్యమధ్య కదుపుతారు. కడిగాక పలుచని సల్ఫ్యూరిక్ ఆమ్లంలో మరో ఎనిమిది గంటలు. పీహెచ్ 7 దగ్గరికి వచ్చేదాకా మళ్లీ కడగాలి. ఆమ్లంలో ముంచడం ఎగ్గొడితే గింజల్లో సోడా మిగిలి, మొదటి బిందె నుంచే ఫ్లోరైడ్ సరిగా పట్టదు. పిల్లలున్న ఇంట్లో ఈ పని వద్దు. ఈ సేవ దగ్గర్లో ఎవరు చేస్తారో కొనేముందే అడగండి. ఎవరూ లేకపోతే ఈ ఫిల్టర్ జోలికి పోకండి.

అప్పుడు ఆర్‌ఓ మేలు. కాకపోతే రుచి కోసమని దానిలో పెట్టే టీడీఎస్ వాల్వ్ వడకట్టిన నీళ్లలో బోరు నీళ్లను మళ్లీ కలుపుతుంది. 4 మి.గ్రా. బోరు నీళ్లు నాలుగో వంతు కలిస్తే, ఆ ఒక్కదానితోనే ఫ్లోరైడ్ 1 మి.గ్రా.కు చేరుతుంది. ఆ వాల్వ్ పూర్తిగా మూయించండి.

మిషన్ భగీరథ నీళ్లు రోజూ వచ్చే ఇంటికి ఈ రెండూ అనవసరం. ఆ నీళ్లే తాగి, బోరు నీళ్లు కడుగుళ్లకు ఉంచుకోండి. గింజలు కడిగిన సోడా నీళ్లలో ఫ్లోరైడ్ చాలా ఎక్కువ. పశువుల తొట్టి దగ్గరా బోరు పక్కనా పారబోయనివ్వకండి.