బోర్డు మార్చారు, విండోస్ సంగతి వదిలేశారు

తెనాలిలో నాది చిన్న డీటీపీ షాపు. పెళ్లికార్డులు, కరపత్రాలు, ఆన్‌లైన్ అప్లికేషన్లు అన్నీ ఒకే ఆల్-ఇన్-వన్ కంప్యూటర్ (స్క్రీన్‌లోనే సీపీయూ ఉండేది) మీద నడుస్తాయి. విండోస్ 11 కంపెనీవాళ్లే వేసి ఇచ్చారు. వారంటీ ఇంకా ఉండగానే పవర్ లైట్ వెలిగి ఆరిపోవడం మొదలైంది. విజయవాడలో ఆ కంపెనీ ఆథరైజ్డ్ సర్వీస్ సెంటర్‌లో ఇచ్చాను.

హార్డ్‌వేర్ పనికి వంక పెట్టలేను. మదర్‌బోర్డు పోయిందని చెప్పి, పైసా తీసుకోకుండా కొత్తది వేశారు. లోపలి దుమ్ము కూడా దులిపారు. ఫైళ్లన్నీ భద్రంగా ఉన్నాయి. బిట్‌లాకర్, అంటే డిస్క్‌లోని ఫైళ్లకు తాళం వేసే విండోస్ సదుపాయం, ఆన్‌లో ఉంటే బోర్డు మారగానే రికవరీ కీ అడిగేది. నాది ఆఫ్‌లో ఉంది కాబట్టి ఆ టెన్షన్ తప్పింది.

షాపుకు తెచ్చి నెట్ కలిపాక వచ్చింది చిక్కు. స్క్రీన్ కింద కుడి మూల ‘యాక్టివేట్ విండోస్’ అని బూడిదరంగు అక్షరాలు. వాల్‌పేపర్, రంగులు మార్చుకోనివ్వదు గానీ మిగతా పనులన్నీ మామూలుగానే జరుగుతాయి. కాకపోతే మన వ్యాపారం స్క్రీన్ చూపించి చేసేది. అసలే ముహూర్తాల రోజులు. కార్డు ప్రూఫ్ చూడటానికి వచ్చిన ఒక పెద్దాయన కళ్లజోడు సవరించుకుని, ‘బాబూ, ఆ ఇంగ్లీషు ముక్క కార్డు మీద కూడా పడుతుందా?’ అన్నారు. పడదండీ అని చెప్పినా, ప్రింటు చేతికిచ్చేదాకా ఆయనకు నమ్మకం కుదరలేదు.

సెట్టింగ్స్‌లో చూస్తే ఎఫ్213తో ముగిసే ఎర్రర్ కోడ్. ఈ పరికరంలో ప్రోడక్ట్ కీ, అంటే విండోస్ లైసెన్సు నంబరు, కనిపించలేదని దానర్థం. విండోస్ 7 రోజుల్లో సీపీయూ మీద పాతిక అక్షరాల కీ ఉన్న స్టిక్కర్ అంటించేవారు. 2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుంచి పెద్ద కంపెనీలు ఆ కీని మదర్‌బోర్డు చిప్‌లోనే రాసి పంపుతున్నాయి. బోర్డు తీసేస్తే కీ కూడా దాంతోపాటే పోతుంది. కొత్త బోర్డు వేసినవాళ్లే కంపెనీ టూల్‌తో సీరియల్ నంబరు, మోడల్ పేరు, విండోస్ కీ మళ్లీ ఎక్కించాలి. నా బయాస్ (కంప్యూటర్ ఆన్ అవగానే, విండోస్ కంటే ముందు తెరిచే బోర్డు సెట్టింగ్స్) తెరిచి చూస్తే సీరియల్ నంబరు గడి ఖాళీ! అంటే ఆ పని మొదలే పెట్టలేదు. ఎంఎస్ ఆఫీస్ మాత్రం మెయిల్ ఐడీతో సైన్ ఇన్ అవగానే వచ్చేసింది, అది ఖాతాకు కట్టి ఉంటుంది కాబట్టి.

ఫోన్ చేస్తే కౌంటర్ అబ్బాయి, ‘సార్, అది సాఫ్ట్‌వేర్, మాకు సంబంధం లేదు. కావాలంటే ఐదొందలిస్తే యాక్టివేటర్ వేస్తాం’ అన్నాడు. ఆథరైజ్డ్ అని బోర్డు పెట్టుకున్నచోట ఈ మాటా! యాక్టివేటర్ అంటే లైసెన్సు లేకుండానే ఉన్నట్టు విండోస్‌ను నమ్మించే దొంగ ప్రోగ్రామ్. అవి వేయాలంటే ముందు యాంటీవైరస్ ఆపమంటారు. నా కంప్యూటర్‌లో జనం ఆధార్ కాపీలు, బ్యాంకు పాస్‌బుక్కుల స్కానింగులు ఉంటాయి. అదీగాక డబ్బు కట్టి కొన్న లైసెన్సు నాకుండగా దొంగది ఎందుకు వేయించుకోవాలి? పాడైన బోర్డును కంపెనీయే మారిస్తే పాత లైసెన్సు చెల్లుతుంది.

కంపెనీ టోల్‌ఫ్రీకి ఫోన్ చేసి కంప్లయింట్ పెట్టాను. బిల్లు, వెనక ఉన్న సీరియల్ స్టిక్కర్, ఖాళీ గడి కనిపించే బయాస్ స్క్రీన్, మూడింటి ఫోటోలు పంపాను. పని జరిపించింది ఆ మూడో ఫోటోయే. మళ్లీ తీసుకురమ్మన్నారు. ఈసారి సీనియర్ టెక్నీషియన్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, స్టిక్కర్ చూసి సీరియల్ కొట్టి, కీ ఎక్కించాడు. నేను తెప్పించుకున్న టీ ఇంకా వేడిగానే ఉంది, ఆయన పని అయిపోయింది. నెట్ కలపగానే విండోస్ తనంతట తానే యాక్టివేట్ అయింది. మొదటిరోజే ఈ కాస్త పని చేసుంటే నాకు బస్సు ఛార్జీలు, షాపు మూతా తప్పేవి.

రిపేరుకు ఐదుకు ఐదు ఇస్తాను. డెలివరీకి ఒకటి, అదీ ఆ సీనియర్‌ను చూసి. ఇక్కడ బోర్డు మార్పించుకునేవాళ్లు కౌంటర్ దగ్గరే ఫోన్ హాట్‌స్పాట్ కలిపి, సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో యాక్టివేషన్ తెరిచి ‘యాక్టివ్’ అని కనిపించాకే సంతకం పెట్టండి. బయాస్‌లో సీరియల్ కూడా చూడండి, రేపు వారంటీకి అడిగేది ఆ నంబరే.

నా జాబ్ షీటులో మాత్రం ‘సాఫ్ట్‌వేర్ సమస్య, కస్టమర్ వైపు నుంచి’ అని రాశారు. అది కొట్టేసి సరిగా రాయమని మెయిల్ పెట్టాను. ఇంకా జవాబు లేదు.