గీజర్ స్విచ్ ఆపినా కరెంటు పడిపోతుంటే ఈ షాపు వాళ్లను పిలవండి

ఇంట్లో ఏదో ఒక వస్తువు వల్ల కరెంటంతా పడిపోతుంటే, అదేదో ఓపిగ్గా వెతికి పట్టుకునే ఎలక్ట్రీషియన్ కావాలంటే విజయవాడలో నేను చెప్పేది సత్యనారాయణపురంలోని ఈ షాపు గురించే. ఐదు స్టార్లు ఇస్తున్నాను. ఎందుకో కాస్త వివరంగా రాస్తాను, ఇలాంటి తిప్పలు పడుతున్నవాళ్లకి పనికొస్తుంది.

పొద్దున్నే మామయ్యగారి స్నానానికి గీజర్ వేశాం. కాసేపటికి టప్‌మని ఇల్లంతా కరెంటు పోయింది. పక్కింట్లో లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. వీధంతా పోతే కరెంటు వాళ్ల 1912కి ఫోన్ చేయాలి గానీ, మన ఒక్క ఇంట్లోనే పోతే ముందు మన డిబి బాక్సు, అంటే ఇంటి లైన్ల స్విచ్‌లన్నీ ఉండే బాక్సు చూసుకోవాలి. మా బాక్సులో ఎంసిబిలన్నీ (ఒక్కో లైనుకి ఉండే స్విచ్‌లు) పైకే ఉన్నాయి, షాక్ నుంచి కాపాడే ఆర్‌సిసిబి ఒక్కటే కిందికి పడి ఉంది. గీజర్ స్విచ్ ఆపేసి దాన్ని పైకి లేపితే నిలబడింది. హమ్మయ్య అనుకుని హాల్లో ఫ్యాన్ వేశాం, మళ్లీ పడింది. ఫ్యాన్ ఆపి ఫ్రిజ్ వేశాం, మళ్లీ అదే. ఒక్క వస్తువు కూడా నడవకుండా ఉంటేనే అది నిలబడుతోంది. మామయ్యగారు, నేను ఇద్దరం ఇంటి వైరింగే పోయిందేమో అని టెన్షన్ పడ్డాం.

ఈ షాపు పదింటికి గానీ తెరవరు, అంతకుముందు ఫోన్ ఎత్తరు. అందుకని ముందు ఒక యాప్‌లో మనిషిని పిలిచాం. ఆయన టెస్టర్‌తో అక్కడా ఇక్కడా చూసి, ఫ్యాన్ వైరింగ్ అన్నాడు, తర్వాత ఫ్రిజ్ అన్నాడు, చివరికి "ఆర్‌సిసిబి పాడైంది మేడమ్, దీన్ని తీసేసి డైరెక్ట్ ఇచ్చేస్తాను, చాలా ఇళ్లలో అలాగే నడుస్తోంది" అన్నాడు. వద్దని చెప్పి పంపించేశాం. ఈ మాట మీకు ఎవరు చెప్పినా దయచేసి ఒప్పుకోకండి. ఎంసిబి చూసుకునేది వైరు కాలిపోకుండా మాత్రమే. దానికి మన ఒంట్లోంచి పోయే కరెంటు లెక్కలోకే రాదు. 16 ఆంపియర్ల ఎంసిబి ఎక్కడ, 30 మిల్లీ ఆంపియర్లకే కట్ చేసే ఆర్‌సిసిబి ఎక్కడ! ఫేజులో వెళ్లిన కరెంటంతా న్యూట్రల్‌లో తిరిగొస్తోందా లేదా అని అది చూస్తూ ఉంటుంది, తేడా వచ్చిందంటే ఎక్కడో భూమిలోకి పోతున్నట్టే. తడి కాళ్లతో గీజర్ కింద నిలబడే పెద్దవాళ్లున్న ఇంట్లో దాన్ని తీసేస్తామనడానికి నోరెలా వస్తుందో నాకు అర్థం కాదు.

పదింటికి ఫోన్ చేస్తే ఈ షాపు ఆయన, కూడా ఒక కుర్రాడు వచ్చారు. వచ్చీ రాగానే బాక్సు విప్పలేదు. "అమ్మా, మొట్టమొదట పడినప్పుడు ఇంట్లో ఏం నడుస్తోంది?" అని అడిగారు. గీజరని చెప్పి, "కానీ దాని స్విచ్ అప్పుడే ఆపేశాం బాబాయ్ గారూ" అన్నాను. "స్విచ్ ఆపితే తెగేది ఫేజు ఒక్కటేనమ్మా, న్యూట్రల్ గీజర్‌లో అలాగే ఉంటుంది" అని స్టూల్ ఎక్కి ప్లగ్గు పీకేశారు. అంతే, ఆర్‌సిసిబి నిలబడింది. ఫ్యాన్లు, ఫ్రిజ్, మిక్సీ అన్నీ వేసి చూపించారు, ఒక్కసారి కూడా పడలేదు.

ఆయన చెప్పింది నాకు అర్థమైనంతలో రాస్తున్నాను. గీజర్‌లో నీళ్లు వేడిచేసే ఎలిమెంట్ లోపల చిట్లి, న్యూట్రల్ వైపు చివర ఎర్త్‌కి తగులుతోంది. హాల్లో ఫ్యాన్ వేసినప్పుడు దాని కరెంటు న్యూట్రల్‌లో తిరిగి రావాలి కదా, అందులో కొంత గీజర్ ద్వారా ఎర్త్‌లోకి జారిపోతోంది. లెక్క తేడా వచ్చి ఆర్‌సిసిబి పడుతోంది. తప్పంతా బాత్‌రూమ్‌లో ఉంటే చూసేవాళ్లకి ఫ్యాన్ మీద అనుమానం వచ్చేది అందుకే. గీజర్ ఎంసిబి దించినా మా బాక్సులో లాభం లేదట, అదీ ఫేజునే కట్ చేసే రకం. ప్లగ్గు పీకితేనే తేలుతుంది.

అంతటితో సరిపెట్టకుండా మెగ్గర్ (కరెంటు ఎక్కడైనా లీకవుతోందా అని చూసే మీటరు) పెట్టి ఎలిమెంట్‌కి, గీజర్ బాడీకి మధ్య చూపించారు, రీడింగ్ దాదాపు సున్నా. విప్పితే ఎలిమెంట్ మీద తెల్లగా ఉప్పు పెచ్చులు కట్టి ఉంది. మాది బోరు నీళ్లు. అంత పెచ్చు పడితే వేడి నీళ్లలోకి సరిగా దిగక ఎలిమెంట్ మాడి చిట్లుతుందట. ట్యాంకు తుప్పు పట్టకుండా పక్కనుండే యానోడ్ రాడ్ కూడా సన్నటి తీగలా అయిపోయింది. రెండూ మార్చి, కొత్త వాషర్ వేసి, మళ్లీ మెగ్గర్ పెట్టి నాకు చూపించాకే ప్లగ్గు పెట్టారు. ఆర్‌సిసిబి మీదున్న టెస్ట్ బటన్ నొక్కి అది పడుతోందని కూడా చూసి, నెలకోసారి నొక్కుతూ ఉండమన్నారు.

వీళ్లని నమ్మడానికి ముందునుంచే నాకో కారణం ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకి సింగ్‌నగర్‌లో మా పిన్నివాళ్ల కింది అంతస్తు బోర్డులన్నీ మునిగిపోయాయి. నీళ్లు తీశాక పైకి ఆరినట్టే కనబడుతుంటే మా బాబాయి మెయిన్ స్విచ్ వేయబోయారు, వీళ్లే ఆపి ఒక్కో లైనూ మెగ్గర్‌తో చూసి, బాగున్నవాటినే కలిపారు. అప్పుడు తీసుకున్న నంబరుకే ఇప్పుడూ ఫోన్ చేశాం.

ఖర్చు విషయానికొస్తే, మాకు విజిటింగ్ చార్జి 200, ఎలిమెంట్‌కి, రాడ్‌కి, కూలికి కలిపి 1,450 అయింది. పాత ఎలిమెంట్ మా చేతికే ఇచ్చారు. ఇబ్బంది అనిపించినవీ ఉన్నాయి: బాత్‌రూమ్‌లో రాలిన ఉప్పు పెచ్చులు ఊడ్వకుండా వెళ్లిపోయారు, బిల్లు అడిగితే గానీ రాసివ్వలేదు. సామాను వారంటీ దాని మీద కూడా రాయించుకోండి.

ఎర్త్ వైరు భూమిలోకి దిగే ఎర్త్ గుంత కూడా ఒకసారి చూడాలన్నారు, ఎండాకాలంలో ఎండిపోతే ఎర్త్ సరిగా పనిచేయదట, ఆ పనికి వచ్చే ఆదివారం రమ్మన్నాం. మీరు పిలిచేట్టయితే పదిన్నర లోపు ఫోన్ చేయండి, తర్వాత పనుల మీద బయటికి వెళ్లిపోతారు. ఈలోపు అనుమానం ఉన్న వస్తువు ప్లగ్గు పీకేసి ఉంచండి, తడి చేతులతో మాత్రం ముట్టుకోకండి.