మా వింటేజ్ కన్సోల్ టేబుల్, కొనే ముందు ఏం చూడాలి

హాల్లో గోడవారన పెట్టడానికి పాత చెక్క కన్సోల్ టేబుల్ తీసుకున్నాం, సూపర్‌గా ఉంది, కాస్త కూడా ఊగట్లేదు. పాతదని చెప్పగానే నమ్మేయకండి, సొరుగు పూర్తిగా బయటికి లాగి మూలల్లో రెండు చెక్కలు పళ్ళలా ఒకదాంట్లో ఒకటి దూరే జాయింట్లు చూడండి, చేత్తో కోసినవైతే ఆ పళ్ళు హెచ్చుతగ్గులుగా ఉంటాయి, మాదాంట్లో అయితే కోసేముందు వడ్రంగి గీసుకున్న సన్న గీత కూడా ఇంకా కనపడుతోంది, అది చూస్తే ఎంత ముచ్చటేస్తుందో! అన్నీ అచ్చుగుద్దినట్టుంటే మెషిన్ పని, ఆ మెషిన్లు బాగా వాడకంలోకి వచ్చింది 19వ శతాబ్దం చివర్లో, కాబట్టి అలాంటిది 200 ఏళ్ళ నాటిదంటే ఒప్పుకోవద్దు.

అడుగున టార్చ్ వేసి చూడండి, చిన్న చిన్న బెజ్జాల్లోంచి తాజాగా పిండిలాంటి పొడి రాలుతుంటే పురుగు ఇంకా లోపలున్నట్టే, ఎంత అందంగా ఉన్నా వదిలేయండి.

18వ శతాబ్దం ఫ్రాన్స్‌లో చాలా కన్సోళ్ళకి ముందు కాళ్ళే ఉండేవి, వెనక గోడకి బిగించేవాళ్ళు, అలాంటి మోడల్ నచ్చితే మీ గోడ గట్టిదో కాదో ముందు చూసుకోండి. ఏ మోడలైనా గోడ నుంచి ముందుకి వెడల్పు 12 నుంచి 16 అంగుళాలు చాలు, ఇరుకు దారిలో అంతకు మించితే వచ్చేపోయేవాళ్ళకి తగుల్తుంది.

ఒక్కటే కంప్లైంట్, తడి గ్లాసు పెడితే పాత పాలిష్ మీద తెల్లమచ్చ పడుతుంది. అలాగని పాలిష్ మొత్తం గీకించేయకండి ప్లీజ్, దాని విలువ చాలావరకు ఆ పాత మెరుపులోనే ఉంది.